చెల్లెలు కట్టిన ఆకు

రుకయా తన మూడు జాజికాయ చెట్లకీ కొత్త కొబ్బరాకు కట్టిన రోజునే పక్కతోట హమ్జా వెళ్లి లతీఫ్‌కి ఫిర్యాదు చేశాడు.

లతీఫ్ నుసాలి ద్వీపానికి కెవాంగ్. తోటలకీ తీరానికీ కాపలా పెద్ద. ఏ చెట్టు ఎప్పుడు కోయాలో, ఎప్పుడు ముట్టకూడదో ఆయన మాటే మాట. చెట్టు మొదట్లో లేత కొబ్బరాకు కట్టి ఉందంటే ఆ చెట్టుమీద ససి ఉన్నట్టు. ససి ఉన్న చెట్టు కాయని దొంగ కూడా ముట్టడు. కింద రాలింది కూడా ఏరడు. నుసాలిలో పోలీసుకి భయపడనివాళ్లున్నారు గానీ ససికి భయపడనివాళ్లు లేరు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక లతీఫ్ వచ్చాడు. వెనకే హమ్జా. రుకయా పెరట్లో కూర్చుని మిఠాయికి జాజికాయ తొక్కలు కోస్తోంది. అవి కూడా ఊళ్లో వాళ్ల దగ్గర కొన్నవే. సొంత చెట్లకింద కాయ మోకాలెత్తు కుళ్లుతుంటే, కొన్న తొక్కలతో మిఠాయి చేసి ఓడ దగ్గర అమ్ముకునే మనిషి ఈ ద్వీపం మొత్తంమీద ఆమె ఒక్కతే.

"చూడండి మామా," అన్నాడు హమ్జా. కాలివేలితో ఒక కాయని దొర్లించాడు. ఎర్రగా ఉండాల్సిన జాపత్రి నల్లబడి ఉంది. అందులోంచి తెల్లటి పురుగులు బయటికొచ్చాయి. "ఇవి ఇక్కడ పుడతాయి, నా చెట్లమీద కాపురం పెడతాయి. ఈ ఏడు నా పంటలో సగం పుచ్చే."

"నువ్వు నీ చెట్లకింద ఏనాడైనా ఊడ్చావా హమ్జా?" అంది రుకయా, కత్తి ఆపకుండా.

"ఊడుస్తూనే ఉన్నా. నీవి ఎవరు ఊడుస్తారు? నువ్వు ఊడవవు, ఒకణ్ణి ఊడవనివ్వవు. పంతొమ్మిదేళ్లుగా పావురాలకి విందు పెడుతున్నావు."

"పావురాలకి ససి సంగతి నువ్వే చెప్పు. నీ గొంతయితే వాటికి అర్థమవుతుంది."

లతీఫ్ నవ్వలేదు. వక్క దవడకి నెట్టుకుని మూడు చెట్లూ చుట్టి చూశాడు. రుకయా తండ్రి పాతిన చెట్లు. పైన కెనారి చెట్ల నీడ. కొమ్మలనిండా కాయ. విచ్చినవి కొన్ని, విచ్చబోతున్నవి కొన్ని. మొదట్లో లేతాకు పసుప్పచ్చగా మెరుస్తోంది.

"రుకయా," అన్నాడు. "హమ్జా ఒక్కడి గొడవ కాదిది. కొండవైపు ఇంకా నలభై చెట్లున్నాయి. పురుగు అటు పాకితే ఊరు ఊరంతా కూలబడుతుంది. కట్టిన చెయ్యి విప్పాలి. విప్పకపోతే చెట్లు కొట్టేయాలి. వేరే దారి లేదు."

రుకయా చేతిలో కత్తి ఆగింది.

"ఎప్పటికి?"

"రేపు ఓడ వస్తుంది. దాని తర్వాత ఇంకో ఓడ. ఆ రెండో ఓడ పోయిన మర్నాడు గొడ్డలితో వస్తాం."

"కట్టిన చెయ్యికి కబురు పంపిస్తా మామా," అంది రుకయా.

లతీఫ్ ఏదో అనబోయాడు. ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. ఆ మొహంలో భయం లేదు. పెళ్లి కబురు విన్నట్టుంది. ఈ ఆడవాళ్ల సంగతి నాకెందుకనుకుని ఆయన వెళ్లిపోయాడు.

* * *

కట్టిన చెయ్యి అంటే రుకయాకి ఒక్కటే చెయ్యి. అక్క జైతూన్‌ది.

తల్లి పోయేనాటికి రుకయాకి నాలుగేళ్లు, జైతూన్‌కి పద్నాలుగు. అన్నం పెట్టింది అక్క, జుట్టు దువ్వింది అక్క, తప్పు చేస్తే చెవి మెలిపెట్టింది అక్క. దోటి పట్టడం నేర్పిందీ ఆమే. పొడుగాటి వెదురు దోటి, కొనకి చిన్న బుట్ట. మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తూ, విచ్చిన కాయనే ఏరి, కొమ్మ కదలకుండా తుంపాలి. "చెట్టుకి తెలియకూడదే" అనేది జైతూన్. ఆమె తుంపితే చెట్టుకి నిజంగానే తెలిసేది కాదు.

పంతొమ్మిదేళ్లకిందట కొండ పేలింది. నుసాలివాళ్లు కొండని కొండ అనరు, ముసలాయన అంటారు. ముసలాయన అంతకుముందు దగ్గేవాడు, ఉమ్మేవాడు. అందరికీ అలవాటే. ఆసారి మాత్రం మూడు రోజులు ఆగకుండా గర్జించాడు. పట్టపగలు దీపాలు పెట్టుకున్నారు. కప్పులమీద బూడిద జానెడు పేరుకుంది. సర్కారు ఓడలు పంపింది, ఎక్కినవాళ్లని ఎక్కినట్టు తీసుకుపోయింది.

జైతూన్ మొగుడికి సముద్రం అవతల సోరోంగ్‌లో చుట్టాలున్నారు. మూటలు కట్టేశారు. రుకయా మొగుడు ఇద్రిస్ పడవవాడు. పడవని వదిలి రానన్నాడు. ఆయన్ని వదిలి రానని రుకయా అంది.

అక్కచెల్లెళ్లు ఈ పెరట్లోనే, ఆ బూడిదలోనే నిలబడి అరుచుకున్నారు.

"నిన్ను పెంచింది నేనా, ఇద్రిసా?"

"పెంచావని జీవితమంతా కొంగుకి ముడేసుకుంటావా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. రుకయాకి అంటున్నప్పుడే తెలిసింది. జైతూన్ కొబ్బరి మొక్కనుంచి లేతమట్ట లాగింది. చీల్చి మూడు చెట్లకీ కట్టింది. అన్నీ కట్టాక వెనక్కి తిరిగింది. బూడిద పడి వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి, ముప్పైనాలుగేళ్లకే ముసలిదానిలా ఉంది.

"నాన్న చెట్లు ఇద్దరివీ. నేను లేకుండా ఒక్కదానివే ఎలా తింటావో చూస్తా. వీటి కాయ నువ్వు కూడా ముట్టకు."

ఓడ ఎక్కేసింది. నెల తిరిగేసరికి ముసలాయన చల్లబడ్డాడు. పోయినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు. జైతూన్ రాలేదు. మొగుడికి అక్కడ రంపపు మిల్లులో పని దొరికిందన్నారు.

నాలుగు నెలలకి అక్క కట్టిన ఆకు ఎండి, ఉండచుట్టుకుని, ఒక గాలికి రాలిపడింది. రుకయా దాన్ని చేతిలో పెట్టుకుని గడపలో కూర్చుంది. ఆమెకి అనిపించింది, ఇది పోతే అక్క ఈ ఇంట్లో చేసిన ఆఖరి పని పోయినట్టే. వెళ్లి కొత్త లేతాకు కోసుకొచ్చింది. అక్క వేసిన ముడే వేసింది. అక్క మాట నిలబెడుతున్నా అనుకుంది. అప్పట్నుంచి ఏడాదికి మూడుసార్లు. ఇద్రిస్ జ్వరం వచ్చి చనిపోయిన నెలలో కూడా ఆకు మానలేదు.

ఇద్దరికీ రాత రాదు. ఇంకొకళ్లచేత రాయించుకుంటే ఇంటి గుట్టు ఊరికి తెలుస్తుంది. అందుకని మాటలన్నీ ఓడ వంటవాడు యోపి నోట నడిచేవి. నుసాలి చివరి రేవు. ఓడ ఇక్కడికొచ్చి మూడు గంటలు ఆగుతుంది, తిరిగి సోరోంగ్ వైపే పోతుంది. యోపి మనాడో ఊరి మనిషి, పొట్టేసుకుని నడుస్తాడు. పదిహేను రోజులకొకసారి దిగి రుకయా దగ్గర మిఠాయి కొంటాడు.

"మీ అక్క అడిగింది," అనేవాడు. "చెట్లమీద ససి ఉందా అని."

"ఉందని చెప్పు. పచ్చాకు కట్టానని చెప్పు. నా చేత్తోనే కట్టానని చెప్పు."

"ఇంకేమైనా చెప్పమంటావా?"

"అంతే. అది చాలు."

రుకయాకి అది నిజంగానే చాలు. అక్క తన గురించి అడగలేదు, కానీ చెట్ల గురించి అడుగుతోంది. చెట్ల గురించి అడుగుతోందంటే రావాలని ఉన్నట్టే. ఆ ఒక్క మాట పట్టుకుని పదిహేను రోజులు గడిపేది. మళ్లీ ఓడ కూత. మళ్లీ రేవు. నిచ్చెన దిగే ప్రతి తలనీ చూసేది. ఆఖరి తల దిగాక కూడా కాసేపు చూసేది.

* * *

మర్నాడు వచ్చిన ఓడకి యోపితో కబురు పంపింది. ఆరోజు మిఠాయి పళ్లెం హమ్జా పెళ్లాం సలేహాకి అప్పగించి, యోపిని పక్కకి లాక్కెళ్లి రెండుసార్లు చెప్పించుకుంది.

"ఏం చెప్తావో చెప్పు."

"నాన్న చెట్లు నరికేస్తారట, వచ్చి ససి విప్పమని."

"అంతేనా? ఇంకా?"

"వచ్చే ఓడకే రావాలి."

"గట్టిగా చెప్పు. నీ పొట్టలోంచి రావాలి ఆ మాట."

"నా పొట్టలో నీ మిఠాయి తప్ప ఏమీ లేదు తల్లీ," అన్నాడు యోపి. అయినా బుద్ధిగా తల ఊపాడు.

ఆ పదిహేను రోజులూ రుకయా నేలమీద కాలు నిలపలేదు. లోపలి గదికి సున్నం వేసింది. పరుపు విప్పి దూది ఎండబెట్టింది. గోడకి పాత అద్దం బిగించింది, ఎత్తు కుదరక మూడుసార్లు మేకు మార్చింది. అక్క ఎంత పొడవో మర్చిపోయింది. తనకంటే పొడవు, అంతే గుర్తు. వయసు మీదపడితే మనిషి కుంగుతుంది. ఎంత కుంగి ఉంటుందో?

గొంతు కూడా గుర్తులేదు. అది రుకయాకి పొయ్యిదగ్గర ఉండగా తెలిసింది. అక్క తిట్లన్నీ గుర్తున్నాయి. మాటలు ఉన్నాయి, వాటిని పలికిన గొంతు లేదు. పొయ్యిమీద సగ్గు జావ గట్టిపడిపోయేదాకా అలాగే కూర్చుంది.

"అక్కకి చేపపులుసులో పులుపు ఎక్కువుండాలి," అంది సలేహాతో. మొగుడు ఫిర్యాదు చేసినా ఆమె రాకపోకలు మానలేదు.

"పంతొమ్మిదేళ్లనాటి పులుపు. ఇప్పుడు పళ్లున్నాయో లేదో."

"ఊడితే జావ తాగుతుంది."

"నీ ఆశ పాడుగాను," అంది సలేహా. కాస్త ఆగి, "ఏమీ అనుకోకు రుకయా. ఇన్నేళ్ల పగ ఒక్కసారిగా ఎలా చల్లారింది నీకు?"

"పగా? నాకా?"

సలేహా ఆమెవైపు వింతగా చూసింది. పిల్లకోడి గిన్నె బోర్లదోస్తే దాన్ని అదిలించడానికి లేచింది. ఆ మాట అక్కడే పోయింది.

* * *

శనివారం పొద్దున్నే ఓడ కూసింది.

నుసాలిలో ఓడ కూస్తే ఇళ్లలో ఎవరూ ఉండరు. దిగేవాళ్ల కోసం కొందరు, ఎక్కేవాళ్ల కోసం కొందరు, ఊరికే చూసేవాళ్లు అందరికంటే ఎక్కువ. ఆడవాళ్లు వేయించిన చేప, ఆకులో చుట్టిన అన్నం, ఉడికించిన అరటికాయ పళ్లేలకెత్తుకుని వరసకట్టారు. ఆరోజు రుకయా నెత్తిన పళ్లెం లేదు. ఉతికిన గుడ్డ కట్టుకుంది.

"ఏమే, మిఠాయేది?" అని ఎవరో కేకేశారు. "అక్క ముందు అమ్ముకోవడం నామోషీనా?"

"ఇవాళ అంగడి సెలవు," అంది రుకయా.

నిచ్చెన దించారు. కూలీలు ముందు ఎగబడ్డారు. తర్వాత మనుషులు. బియ్యం బస్తాలు, టీవీ పెట్టె, కాళ్లు కట్టిన మేక, చంటిపిల్లల తల్లులు. ఒకామె పొడుగ్గా ఉంది. రుకయా రెండడుగులు వేసింది. ఆమె తల తిప్పింది. ముప్పై ఏళ్ల పిల్ల.

అందరూ దిగారు. ఆఖరికి యోపి దిగాడు. రుకయాని చూశాడు గానీ దగ్గరికి రాలేదు. ఆమే వెళ్లింది.

"చెప్పావా?"

"చెప్పా."

"మనిషి బాగుందా?"

"మోకాళ్లు నొప్పులంటుంది. మొగుడు పోయి మూడేళ్లయింది కదా. ఒక్కతే ఉంటోంది. బాగానే ఉంది."

"మరేమంది?"

యోపి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"చెప్పమన్నట్టే చెప్తా, నన్ను తిట్టకు. 'కట్టింది తను. విప్పాల్సింది తను. నన్ను పిలిచి ఊరందరి ముందూ ఆ ఆకు చూపించాలనా? పంతొమ్మిదేళ్లు చూపించింది చాలదా?' అంది. అని తలుపేసుకుంది."

రుకయాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "కట్టింది అక్కేగా! నేనెక్కడ కట్టాను? నేను ఆకు మార్చాను, అంతే."

"నాకేం తెలుసమ్మా. మీ ద్వీపంవాళ్ల ఆకులూ మీరూ. నాకు తెలిసిందల్లా ఒకటే. ప్రతిసారీ నువ్వు చెప్పిన మాట చెప్పగానే ఆమెకి మొహం మాడిపోయేది. పచ్చాకా అనేది. తనే కట్టిందా అనేది. టీ ఇచ్చి లోపలికి పోయేది. ఒక్కసారి కూడా నాతోపాటు కూర్చుని తాగలేదు."

"ఇన్నేళ్లుగా నాకు చెప్పలేదేం?"

"మొహం మాడిందని చెప్పమని నువ్వు అడగలేదుగా."

లతీఫ్ రేవు గట్టుమీద, తాడు చుట్టే ఇనప మొద్దుమీద కూర్చుని ఉన్నాడు. ఓడరోజు ఆయన చోటు అది. రుకయా జనాన్ని తోసుకుంటూ ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"మామా, మా చెట్లమీద ససి ఎవరిది?"

"అదేం ప్రశ్న?"

"చెప్పండి. ఎవరిది?"

"నీది."

"మా అక్కది."

లతీఫ్ వక్క ఉమ్మాడు. నెమ్మదిగా చెప్పాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

"జైతూన్ కట్టింది నాలుగు నెలలకే ఎండి రాలిపోయిందమ్మా. కోపంతో, గడువు చెప్పకుండా కట్టినదానికి ఆకు ఎండేదాకే ఆయుష్షు. అందుకేగా మనం తీగతో కట్టం, ఆకుతో కడతాం. మనిషి కోపం కూడా అంతకంటే ఎక్కువ ఉండకూడదని పెద్దలు పెట్టారు. అది రాలిన రోజునే చెట్లు తెరుచుకున్నాయి. ఆ వెంటనే నువ్వు కట్టావు. ఆరోజునుంచి అది నీ ససి."

"నేను ఆమె కోసం కట్టాను. ఆమెది నిలబెట్టడానికి."

"ఇంకొకళ్ల ససిని నిలబెట్టాలంటే, వాళ్లు వచ్చి నా ముందు మాట ఇవ్వాలి. మీ నాన్న మసీదు కొబ్బరిచెట్లకి అలాగే కట్టేవాడు, మాట తీసుకుని. మాట లేకుండా కడితే అది కొత్త కట్టు. కట్టిన చెయ్యి తప్ప ఇంకెవరూ ఆ చెట్టు దగ్గరికి రాకూడదని."

"ఎవరూ అంటే?"

"ఎవరూ అంటే ఎవరూ. నీ అక్క కూడా."

రేవులో అరుపులన్నీ దూరం జరిగిపోయినట్టయ్యాయి రుకయాకి.

"ఆమెకీ తెలుసా ఇది?"

"నుసాలిలో పుట్టిన మనిషికి తెలియకపోవడమేంటి? మీ నాన్న పోయేనాటికి ఆమె పెద్దది, తోటల మాటలు ఆయన పక్కన కూర్చుని విన్నది. నువ్వు వంటింట్లో ఉన్నావు."

"నాకెవరూ చెప్పలేదు మామా."

"నీకు తెలియదని మాకెవరు చెప్పారమ్మా?" లతీఫ్ గొంతు మొదటిసారి తగ్గింది. "ఊరంతా ఒకటే అనుకున్నాం. అక్క ఒక్కసారి కట్టి కోపం వదిలేసింది, చెల్లెలు మాత్రం ఏడాదికి మూడుసార్లు కట్టి గుర్తుచేస్తోందని. ఎంత రాతిగుండె ఈ రుకయాది అనుకున్నాం. ఇంటి గొడవ, నోరు పెట్టకూడదు కదా అని ఊరుకున్నాం."

యాభై ఏడుసార్లు. రుకయా లెక్క వెయ్యకుండానే ఆ అంకె మనసులోకొచ్చింది. యాభై ఏడుసార్లు పచ్చాకు కోసుకొచ్చి, ముద్దుగా చీల్చి, అక్క మొహంమీద తలుపేసింది. వేసిన ప్రతిసారీ మనిషినిచ్చి కబురు కూడా పంపింది. నా చేత్తోనే వేశానని చెప్పు అంది.

చుట్టూ ఉన్నవాళ్లు ఏడుస్తుందనుకున్నారు. ఆమె ఓడ వైపు చూసి, "ఎంతసేపుంది?" అని అడిగింది.

"రెండు గంటలు," అన్నాడు యోపి.

"లేవండి మామా. ఇప్పుడే విప్పాలి."

"ఇప్పుడా? దానికి ఒక పద్ధతి ఉంది. ఇమాంగారికి చెప్పాలి, నలుగురు రావాలి..."

"నలుగురు కాదు, ఊరంతా ఇక్కడే ఉంది. ఇమాంగారు అదిగో, అన్నం పొట్లం బేరమాడుతున్నారు. లేవండి."

లతీఫ్ డెబ్బై ఏళ్ల మనిషి. ఆయన్ని అలా లేవదీసినవాళ్లు ఎవరూ లేరు. లేచాడు.

* * *

పెరట్లో ముప్పైమంది దాకా పోగయ్యారు. ఇమాం ప్రార్థన చదివాడు. లతీఫ్ డోలు మీద మూడు దెబ్బలు కొట్టాడు. "కట్టిందెవరు?" అని అడిగాడు, పద్ధతి ప్రకారం.

"నేను," అంది రుకయా. "నేనే కట్టాను."

"విప్పేదెవరు?"

"నేనే."

ముడి బిగుసుకుపోయి ఉంది. గట్టిగా వేయడం ఆమెకి అలవాటు. పళ్లతో కొరికి విప్పింది. మూడు ఆకులూ లతీఫ్ చేతిలో పెట్టింది.

హమ్జా గోడ వారగా నిలబడి ఉన్నాడు. ఎవరూ అడక్కుండానే వెళ్లి తన దోటి తెచ్చాడు. "నీది పుచ్చిపోయుంటుంది, ఇది తీసుకో," అన్నాడు, ఎటో చూస్తూ. రుకయా తీసుకుంది. మెడ వెనక్కి వాల్చి పైకి చూసింది. పంతొమ్మిదేళ్ల తర్వాత కూడా చేతులకి పని గుర్తుంది. విచ్చిన కాయ కింద బుట్ట పెట్టి, మెల్లగా తిప్పి తుంపింది. కొమ్మ కదల్లేదు.

మొదటి బుట్ట మసీదుకి. రెండోది కూడా నిండాక, "ఇంక చాలు, మిగతావి మీరు కోసుకోండి. కిందవన్నీ ఊడ్చి కాల్చండి," అంది హమ్జాతో. సలేహా అరటాకు తెచ్చి బుట్టమీద కప్పింది. కప్పేముందు ఇద్దరూ కాసేపు చూశారు. పసుప్పచ్చ తొక్కలు నోరు తెరుచుకుని, లోపల జాపత్రి ఎర్రగా, తడిగా ఉంది.

"యోపికిచ్చి పంపు," అంది సలేహా. "చూస్తే నీ అక్కకి తెలిసిపోతుంది."

రుకయా లోపలికెళ్లింది. ఇంకో గుడ్డ, దుప్పటి, దువ్వెన మూటకట్టింది. సున్నం వేసిన గది తలుపు దగ్గరగా వేసింది, గడియ పెట్టలేదు. కోళ్లు సలేహాకి అప్పగించింది.

రేవులో యోపి చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వు బుట్ట. ఈసారి సరిగ్గా చెప్తా, ఒట్టు. ఏం చెప్పమంటావు?"

"నువ్వేం చెప్పకు."

"అదేంటి?"

"పంతొమ్మిదేళ్లు నీ నోటితో పంపించా. చాల్లే. పక్కకి తప్పుకో, ఎక్కాలి."

యోపి ఆమె చేతిలోని మూటని అప్పుడు చూశాడు. "నువ్వా? ముసలాయన పేలితేనే ఎక్కలేదంటగా!"

"అప్పుడు అక్క పిలిచింది. ఇప్పుడు ఎవరూ పిలవలేదు, నేనే పోతున్నా," అంది రుకయా. యోపికి అర్థమైందో లేదో. నిచ్చెన ఎక్కేసింది. పుట్టి బుద్ధెరిగాక ఓడమీద కాలు పెట్టడం అదే మొదటిసారి. మొగుడి పడవలో కూడా రేవు దాటి పోలేదు.

కింద ఊరంతా తలెత్తి చూస్తోంది. ఇన్నేళ్లూ తను చూసిన వైపునుంచి కాకుండా అవతలివైపు నుంచి చూస్తే నుసాలి చాలా చిన్నది. రేకుల కప్పులు, మసీదు గుమ్మటం, వాటి వెనకే ముసలాయన నెత్తిమీద కాస్త పొగ. జైతూన్ ఆఖరిసారి చూసింది కూడా ఇదే. ఇక్కడే ఎక్కడో నిలబడి, బూడిదలో ఏమీ కనబడకపోయినా చూసే ఉంటుంది. అలా అనుకోగానే రుకయాకి కళ్లు నిండాయి. ఓడ కదిలింది.

మూడు రోజుల ప్రయాణం. మొదటిరోజంతా కక్కింది. రెండోరోజు యోపి తన వంటింట్లో ఒక మూల చాప వేసి ఇచ్చాడు. రుకయా బుట్ట పక్కనే పడుకుంది. మధ్యమధ్య అరటాకు ఎత్తి గాలి తగలనిచ్చేది. మూడోరోజుకి తొక్కలు వాడాయి, జాపత్రి ఎరుపు కొంచెం తగ్గింది. ఇంకా ఎరుపే.

"పొద్దున్నకి సోరోంగ్," అన్నాడు యోపి, ఉల్లిపాయలు తరుగుతూ. "రేవునుంచి పది నిమిషాల నడక. నేను చూపిస్తా. తలుపు తీస్తుందో లేదో మాత్రం నా పూచీ కాదు."

"తీస్తుంది."

"అంత ధీమా ఏంటి?"

"తీయకపోతే బయట కూర్చుంటా. నీ ఓడ పదిహేను రోజులకి గాని మళ్లీ రాదుగా. ఎక్కడికి పోతా?"

యోపి నవ్వాడు. నవ్వి, కత్తి పక్కన పెట్టాడు. "తీసిందే అనుకో. ఎదురుగా నిలబడి ముందు ఏమంటావు? ఇన్నేళ్లు మీ మాటలు మోసినవాణ్ణి, అడిగే హక్కుంది."

రుకయా ఆలోచించింది. గుండ్రటి కిటికీలోంచి నీళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు.

"నేనేమీ అనను," అంది. "ముందు ఆమె తిట్టాలి. పెద్దది కదా. ఆ గొంతు ఎలా ఉండేదో మర్చిపోయాను యోపీ. తిడితే గానీ గుర్తురాదు."